తడబడని వరస

పోయిన వారం ఈ కథలో సేంగ్లాను గుడి సావిడి మధ్యలో నిలబెట్టి వచ్చాం. రొమ్ము క్యాన్సర్‌కి మందు ఎక్కించుకుంటున్న మనిషి. ఆదివారం కొత్త విహారం తలుపులు తెరిచే పోయ్ లువాంగ్ ఉత్సవంలో, వేళ్ళకి పొడుగాటి ఇత్తడి గోళ్ళు తొడుక్కుని ఆడే గోళ్ళ నాట్యంలో వరసకి ముందు నిలబడాల్సిన మనిషి. జుట్టు ఊడిందని ఆమెకి పెద్ద దిగులు లేదు. నాట్యానికి అందరూ సవరాలే పెడతారు. పైన పూలు గుచ్చాక ఎవరిది సొంత కొప్పో ఎవరిది కొన్న కొప్పో బ్రహ్మదేవుడికి కూడా తెలీదు. వచ్చిన చిక్కల్లా గోళ్ళతోనే. మందు మొదలయ్యాక అవి ముందు గోధుమరంగుకి తిరిగాయి, తర్వాత నల్లబడ్డాయి, ఆ తర్వాత కింది చర్మాన్ని వదిలేసి పెంకుల్లా లేచాయి. ఆమె వాటిని పొడుగు చేతుల చొక్కాలోనూ ఇత్తడి గోళ్ళ కిందా దాచుకుంటూ వచ్చింది. చివరికి సాధన మధ్యలో, మణికట్టు వెనక్కి విరిచే చోట, కుడి చూపుడువేలి ఇత్తడి గోరు జారి గచ్చు మీద టంగుమంది. దాని లోపల సేంగ్లా సొంత గోరు ఉంది.

ఆ చప్పుడు అందరూ విన్నారు. ఒక్కరూ చూడలేదు. చూడనట్టు నటించారు అనాలి. ఎదుటి మనిషి పరువు పోతుంటే అటు తిరిగి నిలబడటం ఆ ఊళ్ళో మర్యాద. చాప మీద కూచుని ఊరేసిన తేయాకు దవడలో పెట్టుకుని నములుతున్న గురువమ్మ చన్‌ఫెంగ్ కూడా తల తిప్పలేదు.

"ఊఁ, కానివ్వండి. మళ్ళీ మొదటి నుంచి," అంది, ఏమీ జరగనట్టు.

పొడుగు డోలు మళ్ళీ మోగింది. దాన్ని వాయిస్తున్నవాడు తవిన్, సేంగ్లా మొగుడే. అతనూ చూడలేదు.

సేంగ్లా వంగి ఇత్తడి గోరు తీసుకుని, స్తంభానికి ఆనుకుని కూలబడింది. వేలికి చేతిరుమాలు చుట్టింది. రక్తం కంటే పచ్చటి రసి ఎక్కువ కారింది. వాసన కూడా వచ్చింది. ఆ వాసన పక్కవాళ్ళకి తగిలిందేమోనని సిగ్గుతో ముడుచుకుపోయింది పిచ్చి తల్లి. తన వేలు చీము పడుతుంటే ముందు గుర్తొచ్చేది ఎదుటివాళ్ళ ముక్కా! అలా పెంచారు ఆ ఊళ్ళో ఆడపిల్లల్ని, ఏం చేస్తాం.

నొప్పి మోచేతి దాకా పాకింది. పళ్ళు బిగించి తలెత్తింది. అప్పుడు కనబడింది ఆమెకు, వేలి నొప్పిని మరిపించేది.

గోళ్ళ నాట్యంలో రెండు వరసలుంటాయి. కుడి వరసకి సేంగ్లా ముందు, ఎడం వరసకి ఆమె తోటికోడలు బువాతిప్ ముందు. సేంగ్లా లేకపోతే కుడి వరసలో ఒక మనిషి తగ్గుతుంది. రెండు వరసలూ సమానం కావాలంటే బువాతిప్ తన వరస వదిలి, రెండింటికీ నడుమ, ఒంటరిగా ముందు నిలబడాలి. అటూ ఇటూ ఉన్నవాళ్ళంతా తలా ఒక చోటు ముందుకు జరగాలి. అదీ ఆగి కాదు, గిర్రున తిరిగే అడుగులోనే జరిగిపోవాలి. పోనీ ఎవరైనా పక్కన నిలబడి చెప్పారా అంటే, ఎవరూ చెప్పలేదు. ఒకవేళ చెప్పినా మొదటిసారి నలుగురైనా భుజాలు గుద్దుకోవాలి, ఇద్దరైనా నాలుక కరుచుకోవాలి.

ఎవరూ గుద్దుకోలేదు. బువాతిప్ తిరుగుతూ తిరుగుతూ నడిమికి వచ్చి నిలబడింది. వరసలు రెండూ తలుపు రెక్కల్లా దగ్గరికి మూసుకున్నాయి. సేంగ్లా ఉన్న చోటు అసలెప్పుడూ లేనట్టే పోయింది.

ఇది ఇవ్వాళ నేర్చుకున్నది కాదు. సేంగ్లాకి అరికాలి మంట నెత్తికెక్కింది.

"ఆపండి," అంది. డోలు ఆగలేదు.

"ఆపమన్నానా!"

సావిడి దద్దరిల్లింది. ఆ గొంతు ఆమెకి ఉందని సగం మందికి అప్పుడే తెలిసింది. తవిన్ చెయ్యి డోలు మీదే ఉండిపోయింది.

"ఎక్కడ నేర్చుకున్నారు ఇది?"

"ఏదక్కా?" అంది బువాతిప్, నవ్వు మొహంతోనే.

"ఏదక్కా అట, ఏదక్కా! నేను లేకుండా ఆడే ఆట. ఎక్కడ నేర్చుకున్నారు?"

ఉన్‌రువాన్ అందుకుంది. ఆ గుంపులో నలుగుర్నీ నవ్వించే బాధ్యత ఆవిడదే. "ఎండకి కళ్ళు తిరిగినట్టున్నాయి వదినా నీకు. కాసిని కొబ్బరి నీళ్ళు తాగి పడుకో. వేలికి దెబ్బ తగిలితే ఇంత రాద్ధాంతమా, గోరంత దాన్ని కొండంత చేస్తావు!"

అని నాలుక కరుచుకుంది కానీ, అప్పటికే అనేసింది.

"గోరంతా? ఇదిగో చూడు గోరంత!" సేంగ్లా ఇత్తడి తొడుగు ఆవిడ మొహం ముందుకు తోసింది. "బాగా చూడు, లోపల ఉంది. ఉన్‌రువాన్, నీకు ఎడం చెయ్యేదో కుడి చెయ్యేదో ఈనాటికీ తెలీదు. పెళ్ళయి ఈ ఊరొచ్చినప్పట్నించీ నా వీపు చూసి ఆడుతున్నావు. ఇవ్వాళ నీ ముందు నా వీపు లేదు. అయినా ఒక్క అడుగు తప్పలేదు. నీకు జ్ఞానోదయం ఎప్పుడైంది తల్లీ? ఏ చెట్టు కింద?"

వెనక ఎవరో కిసుక్కుమని, వెంటనే దగ్గుగా మార్చుకున్నారు. ఉన్‌రువాన్ నోట్లో మామూలుగానే నువ్వుగింజ నానదు. ఇంత గట్టిగా అడిగితే ఇక ఆగుతుందా?

"బడి ఆవరణలో," అనేసింది. "సాయంత్రం బడి వదిలాక. నువ్వు మందెక్కించుకుని ఇంట్లో పడుకున్నప్పుడు మొదలెట్టాం. తర్వాత… తర్వాత కూడా ఆడుతున్నాం."

"అయితే ఇక్కడ నాతో ఆడేదేమిటి?"

ఒకరి తర్వాత ఒకరు వేళ్ళ ఇత్తడి సర్దుకున్నారు.

"చెప్పండే! రోజూ మధ్యాహ్నం ఈ ఎండలో, ఈ వేళ్ళకి ఇత్తడి గుచ్చుకుని, కళ్ళమ్మట నీళ్ళొస్తే చెమటే అన్నట్టు తుడుచుకుంటూ నేను ఆడేదేమిటి? ఏడిచే పిల్లని ఊరుకోబెట్టడానికి ఇచ్చే గిలక్కాయా?"

బువాతిప్ మొహంలో నవ్వు ఇక నిలవలేదు. "అక్కా, నీ మనసు కష్టపెట్టలేక అలా చేశాం. నీ వేళ్ళు మాకు కనబడుతూనే ఉన్నాయి. నువ్వే చెప్తావని చూశాం. నువ్వు చెప్పలేదు. మేమెలా అడుగుతాం?"

"ఎప్పట్నించి కనబడుతున్నాయి?"

"సాంగ్‌క్రాన్ పండగ నుంచి. కొత్త ఏడాదని నీ చేతుల మీద సంపెంగ నీళ్ళు పోసి దీవెన తీసుకున్నది నేనే కదక్కా. నీళ్ళు పడగానే గోళ్ళు… పైకి లేచాయి. చూశాను."

"చూసి?"

"నవ్వాను," అంది బువాతిప్. చెప్పి ఏడ్చింది.

నిజమే, నవ్వింది. సేంగ్లాకి గుర్తొచ్చింది. తనూ నవ్వింది. చల్లగా ఉండు పిల్లా, నీకూ నీ పిల్లలకీ ఏ జబ్బూ రాకూడదు అని దీవించింది. అటు ఈమె నవ్వు, ఇటు ఆమె నవ్వు, మధ్యలో ఊడిపోబోయే గోళ్ళు. అంత మందీ చుట్టూ కూచుని, గిన్నెలో నీళ్ళు చూస్తూ, పండగ బాగా జరిగిందనుకుంటూ ఇళ్ళకి పోయారు. తలుచుకుంటే సేంగ్లాకి ఒళ్ళంతా మండింది.

"మీ మర్యాద మండ!" అంది. "మీ నవ్వులు తగలబడ! ఒక్కత్తి, ఒక్కటంటే ఒక్కత్తి, వేలు పట్టుకుని ఇదేమిటే సేంగ్లా, చీము పట్టింది, నొప్పిగా లేదా అని అడగలేకపోయారా? కుక్కకి కాలు విరిగితే అడుగుతారు కదే!"

గురువమ్మ చన్‌ఫెంగ్ నములుతున్న ఆకు దవడకి నెట్టుకుని అప్పుడు నోరు విప్పింది. ఆవిడ ఎవరినీ కేకేయదు. మెత్తగా మాట్లాడే కొద్దీ అందరూ భయపడతారు.

"కూచో సేంగ్లా. నిన్ను తీసెయ్యలేదు. ఆదివారం రాత్రి కొవ్వొత్తుల నాట్యం ఉంది. అవే అడుగులు, అదే వరస. వేళ్ళకి ఇత్తడి అక్కర్లేదు, చేతిలో కొవ్వొత్తి పట్టుకుంటే చాలు. దానికి ముందు నువ్వే. అలా అనుకున్నాం."

సేంగ్లా ఒక్క క్షణం ఆవిడ వంకే చూసింది.

"పగలు బువాతిప్, రాత్రి సేంగ్లా. ఎండలో ఊరి పరువు, చీకట్లో నా వేళ్ళు. ఎంత అందమైన ఏర్పాటు గురువమ్మా! నాకు తెలీకుండానే నాకు పంపకం కూడా అయిపోయిందన్నమాట. ఇంత తెలివైన ఆలోచన ఎవరిది?"

గురువమ్మ చాప అల్లిక చూసుకుంది. బువాతిప్ కళ్ళు తుడుచుకుంది. మిగతావాళ్ళంతా గచ్చు మీద చీమలు లెక్కపెడుతున్నట్టు నిలబడ్డారు. ఉన్‌రువాన్ మాత్రం ఆపుకోలేక ఒకసారి డోలు వైపు చూసింది. చూసి చటుక్కున తల దించుకుంది. ఆ చూపు చాలింది.

సేంగ్లా వెనక్కి తిరిగింది.

తవిన్ చేతికి చుట్టుకున్న గుడ్డ విప్పుతున్నాడు. విప్పి, మడిచి, డోలు మీద పెట్టి, మళ్ళీ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

"నేనే," అన్నాడు.

"నువ్వా?"

"గురువమ్మకి చెప్పింది నేనే. బువాతిప్‌ని తయారుచెయ్యండి, సేంగ్లాకి అప్పటికి గోళ్ళు ఉండవు అని."

"నీకెలా తెలుసు ఉండవని? జోస్యం నేర్చావా?"

"డాక్టరమ్మ చెప్పింది."

తవిన్ మెల్లగా, తల ఎత్తకుండా చెప్పుకొచ్చాడు. పట్నం ఆస్పత్రిలో పోయినసారి ఆమెకి మందు సీసా పెట్టి పడుకోబెట్టినప్పుడు డాక్టరమ్మ అతన్ని బయటికి పిలిచిందట. మీ ఆవిడ వేళ్ళు చూశాను, అడిగితే ఏం లేదంటోంది, కానీ ఈ మందుకి గోళ్ళు ఇలాగే లేస్తాయి, కొందరికి ఊడతాయి కూడా అందట. మందు పూర్తయ్యాక కొత్తవి వస్తాయి కానీ నెలలు పడుతుందట. కావాలంటే మిగిలిన మందు కొంచెం తగ్గించి ఇవ్వొచ్చు, లేదా కొన్నాళ్ళు ఆగి ఇవ్వొచ్చు, గోళ్ళు నిలిచినా నిలవొచ్చు, కానీ జబ్బు విషయంలో దానికీ ఓ నష్టం ఉంటుంది అందట.

"ఇంకా?" అంది సేంగ్లా.

"ఇంకేముంది?"

"ఇంకేమంది డాక్టరమ్మ?"

"ఆవిడని అడిగి చెప్పు అంది."

"అడిగావా?"

తవిన్ ఒళ్ళో గుడ్డని మళ్ళీ మడిచాడు.

"నన్ను అడిగావా తవిన్?"

"అడగలేదు. నేనే చెప్పేశాను. తగ్గించొద్దు, ఆపొద్దు, గోళ్ళు పోతే పోనివ్వండి అని." అతను ఒక్కసారిగా తలెత్తాడు, అతనికీ కోపం వచ్చింది. "ఎలా అడగమంటావు? నీ సంగతి నాకు తెలీదా? పండగ అయ్యాక ఎక్కించుకుంటానులే అంటావు. నాట్యమంటే ప్రాణమిస్తావని ఊరంతా సరదాగా అంటారు, ఇప్పుడది సరదా మాట కాదు. నాకు భయమేసింది! నువ్వు మాత్రం? ఆవిడ చేతులు చూపించమంటే దుప్పట్లో దాచుకుని, ఏం లేదు డాక్టరమ్మా, మీకెందుకు శ్రమ అనలేదూ? నువ్వు చెప్పింది నిజమా?"

"కాదు, అబద్ధం చెప్పాను. సిగ్గేసి చెప్పాను. నా వేళ్ళ గురించి నేను అబద్ధం చెప్తాను, నిజం చెప్తాను, నా ఇష్టం. చెప్పడానికి నువ్వెవరు?"

"నీ మొగుణ్ణి!"

"మొగుడివే. గోళ్ళు నీవి కావు."

తవిన్ లేచి నిలబడబోయి, ఎక్కడికి పోవాలో తెలియక మళ్ళీ కూచున్నాడు.

"ఆవిడ అడగమంది, నువ్వు అడగలేదు," అంది సేంగ్లా. "ఇప్పుడు అడుగు."

"ఇప్పుడా? ఇంత మందిలోనా? ఇంటికి పోయాక మాట్లాడుకుందాం."

"ఇంత మందికి చెప్పినవాడివి ఇంత మందిలో అడగలేవా? అడుగు."

తవిన్ ఏదో గొణిగాడు.

"గట్టిగా. వెనక వరసకి వినబడలేదు."

ఎవరో మనకెందుకు లెమ్మని మెట్ల వైపు అడుగు వేశారు. "ఎక్కడికీ పోవద్దు!" అని సేంగ్లా అటు తిరక్కుండానే గద్దించింది. ఆ అడుగు వెనక్కి వచ్చేసింది.

"మందు తగ్గించమని చెప్పమంటావా?" అన్నాడు తవిన్ గట్టిగా. "పండగ దాకా ఆపమని చెప్పమంటావా? ఏం చెప్పమంటావు?"

సేంగ్లా ఆలోచించలేదు. ఆలోచించాల్సిన పని లేదు.

"తగ్గించొద్దు. ఆపొద్దు. గోళ్ళు పోతే పోనీ."

తవిన్ నోరు తెరుచుకుని చూశాడు.

"విన్నావా? నువ్వు చెప్పిన మాటే, అక్షరం తేడా లేదు. అడిగి ఉంటే ఆ రోజే, ఆ మంచం మీద పడుకునే, ఈ నోటితోనే చెప్పేదాన్ని. నేను చావాలనుకుంటున్నానా ఏం? నాకు బతకాలని లేదనుకున్నావా? వాంతులు చేసుకుంటూ, నోరంతా పూసిపోయి, మందు ఎక్కించుకుని వచ్చిన ప్రతిసారీ నీ బండి వెనకాల కూచుని నీ చొక్కా పట్టుకుని వచ్చింది ఎవరు? గోళ్ళ కోసం మందు మానేస్తుందని అనుకున్నావే, ఇన్నేళ్ళు కాపురం చేసి నన్ను ఇంతేనా చూసింది?" సేంగ్లా అందరి వైపూ తిరిగింది. "మందు నా గోళ్ళు తీసుకుంది. దానికి మనసు లేదు కాబట్టి తీసుకుంది. మీరంతా కలిసి నా నోరు తీసుకున్నారు. అదీ నవ్వుతూ."

తవిన్ మొహానికి గుడ్డ అడ్డం పెట్టుకున్నాడు. భుజాలు కదిలాయి. మరో రోజైతే సేంగ్లా వెళ్ళి పక్కన కూచునేదే. ఆ రోజు వెళ్ళలేదు. ఆమెకి జాలి కలగలేదని కాదు. జాలి తర్వాత పడొచ్చని ఊరుకుంది.

"ఇక వరస సంగతి," అంది. చేతిరుమాలు విప్పేసింది. మిగిలిన ఇత్తడి గోళ్ళు ఒక్కొక్కటే లాగి గచ్చు మీద పడేసింది. లాగినప్పుడల్లా మొహం చిట్లించింది కానీ నోట్లోంచి అబ్బా అన్న మాట రాలేదు. రెండు చేతులూ ముందుకు చాచింది. నల్లగా లేచిన గోళ్ళు, వాటి పక్కన గోరులేని ఎర్రటి వేలు. ఈసారి ఎవరూ అటు తిరగలేదు. తిరిగే ధైర్యం చాల్లేదు. "ఆదివారం పగలు ముందు నేనే నిలబడతాను. ఇత్తడి పెట్టను. ఈ వేళ్ళతోనే ఆడతాను. గాయానికి కట్టు కడతాను, అంతే."

"కుదరదు," అంది గురువమ్మ.

ఆవిడ లేచింది. సాధన జరుగుతుండగా ఆవిడ లేవడం ఎవరూ ఎప్పుడూ చూడలేదు. సావిడి మూల గురుపళ్ళెం ఉంది. అందులో పూలు, మైనపు వత్తులు, తమలపాకులు, బియ్యం. ఆవిడ దాన్ని తల మీదికి ఎత్తి పాత గురువుల్ని తలుచుకున్నాకే ఎవరి పాదమైనా కదులుతుంది. ఎత్తకుండా ఆడిన వరస ఆ చుట్టుపక్కల ఏ గుడిలోనూ లేదు. ఆవిడ ఆ పళ్ళెం పక్కకి వెళ్ళి నిలబడింది.

"మర్యాద వద్దన్నావు కదా, మర్యాద లేని మాటే చెప్తాను, విను. గోళ్ళ నాట్యం ఇత్తడి గోళ్ళతో ఆడాలి. అవి లేకుండా ఆడితే అది చేతులూపడం. నా గురువు నాకు అలా నేర్పలేదు, నేను నీకు అలా నేర్పలేదు. జబ్బు మనిషివని జాలిపడి సరే అన్నాననుకో, వీళ్ళంతా చేసిన మోసమే నేనూ చేసినట్టు. చెయ్యను. నువ్వు ఉత్త వేళ్ళతో ముందు నిలబడితే నేను పళ్ళెం ఎత్తను. పళ్ళెం లేవకపోతే ఆదివారం ఈ ఊరి ఆడది ఒక్కత్తీ అడుగు వెయ్యదు. అన్ని గుళ్ళ వాళ్ళూ వస్తారు, వచ్చి చూస్తారు, మన విహారం ముందు ఖాళీ నేల. ఆ పాపం నీదే. ఇప్పుడు చెప్పు."

ఇన్నాళ్ళలో తనతో ఎవరైనా సూటిగా మాట్లాడటం అదే మొదటిసారి. సేంగ్లాకి ఒక్క క్షణం ఊపిరి ఆడినట్టయింది. కోపం మాత్రం తగ్గలేదు. ఇంకా నిక్కచ్చిగా, ఇంకా నిలకడగా అయింది.

బువాతిప్ "అక్కా, వద్దక్కా" అంది. ఉన్‌రువాన్‌కి ఆ పూట జోకు దొరకలేదు. తవిన్ గుడ్డ దించి ఎర్రటి కళ్ళతో చూశాడు.

సేంగ్లా నడుచుకుంటూ వెళ్ళి, కుడి వరస ముందు, తన చోట కూచుంది. మఠం వేసుకుని, చేతులు మోకాళ్ళ మీద తెరిచి పెట్టుకుంది.

"అయితే ఎవ్వరూ ఆడొద్దు," అంది.